గనిమీడ్ బుధుడి కంటే పెద్దదంట, మరి గ్రహం ఎందుకు కాదు? పాపకు ఏం చెప్పాలి?

కావలి_నాన్న
మా పాప ఏడో తరగతి. నిన్న స్లిప్ టెస్టు పేపరు తెచ్చింది. 'సౌర కుటుంబంలో అతి చిన్న గ్రహం ఏది?' అన్న దానికి బుధుడు అని రాస్తే తప్పు కొట్టి, పక్కన ఎర్ర ఇంకుతో ప్లూటో అని రాశారు. ఒక్క మార్కే గదా పోనీలే అన్నాను. పిల్ల రాత్రి అన్నం ముట్టలేదు. 'ప్లూటోని 2006లోనే తీసేశారు నాన్నా, నేను చదివే రాశాను' అంటుంది. ఫోన్‌లో చూస్తే తను చెప్పిందే నిజం.

అంతటితో అయిపోలేదు. అదే ఫోన్‌లో ఇంకోటి చూసింది. గురు గ్రహం చుట్టూ తిరిగే గనిమీడ్ అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు, బుధుడిది 4,879. 'పెద్దది గ్రహం కాదు, చిన్నది గ్రహం, ఇదేం లెక్క నాన్నా?' అని పొద్దున్నుంచి నా వెంట పడింది. మా అమ్మేమో 'గ్రహాలు తొమ్మిది, శివాలయానికి పోయి లెక్కపెట్టుకోండి' అంటోంది. నేను ఎరువుల షాపు నడుపుకునేవాణ్ణి. మార్కు సంగతి వదిలేశాను. పాప అడిగిన దానికి మాత్రం సరైన జవాబు చెప్పాలి. తెలిసినవాళ్లు తేలిక మాటల్లో చెప్పండి.

గూడూరు_నిమ్మతోట
పాప కరెక్ట్. పేపరు తీసుకుని స్కూలుకు పోండి అన్నా. ఒక్క మార్కైనా సరే అడగాలి.

పలక_బలపం
మాది మార్కాపురం. మా చిన్నప్పుడు పలక మీద తొమ్మిది గ్రహాలు వరసగా రాయించేవాళ్లు. చివర ప్లూటో రాయకపోతే బెత్తంతో చేతి మీద ఒకటి పడేది. ఇప్పుడు లేదంటే నా మనసు ఒప్పుకోదు. 1930లో క్లైడ్ టాంబా అనే 24 ఏళ్ల కుర్రాడు రాత్రుళ్లు తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, కదిలిన చుక్క ఏదా అని వెతికి వెతికి పట్టుకున్నాడు. దానికి ప్లూటో అని పేరు చెప్పింది ఇంగ్లండులో 11 ఏళ్ల పాప, వెనీషియా బర్నీ. మీ పాపకు ఈ సంగతి చెప్పండి, సంతోషపడుతుంది.

ఒంగోలు_టీచరమ్మ
నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ముందు ఆ మార్కు సంగతి. కొన్ని పాత గైడ్లలో ఇంకా ప్లూటోనే ఉంది, వాటిని చూసి దిద్దితే ఇలా జరుగుతుంది. దిద్దినవారి మీద కోపం వద్దు. పాపనే పాఠ్యపుస్తకం తీసుకుపోయి మర్యాదగా చూపించమనండి. ఎనిమిది గ్రహాలని అందులో ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. 2006 ఆగస్టు 24న ప్రేగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది. సౌర కుటుంబంలో గ్రహం అనిపించుకోవాలంటే అది సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుకు తానే గుండ్రంగా అయ్యేంత పెద్దదై ఉండాలి. తన దారిలో తనే పెత్తనం చేయాలి, అంటే దరిదాపుల్లో తన సైజువి, తనకు లొంగనివి ఉండకూడదు.

గనిమీడ్ మొదటి షరతులోనే ఆగిపోతుంది. అది తిరిగేది గురుడి చుట్టూ, కాబట్టి ఉపగ్రహం. గుండ్రంగా ఉంది, పెద్దగా ఉంది, అయినా అంతే. ప్లూటో మొదటి రెండూ దాటి మూడో దాని దగ్గర ఆగింది. సైజు ఎంత అని ఆ షరతుల్లో ఎక్కడా లేదు, చూడండి. ఎవరి చుట్టూ తిరుగుతోంది, చుట్టుపక్కల ఎవరున్నారు అన్నదే లెక్క.

కావలి_నాన్న
మేడం, మొదటిసారి అర్థమైంది. పాపకు చదివి వినిపించాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. 'గనిమీడ్‌ని గురుడి దగ్గరి నుంచి లాగి సూర్యుడి చుట్టూ వదిలితే గ్రహం అయిపోతుందా?'

ఒంగోలు_టీచరమ్మ
మంచి ప్రశ్న. బుధుడి దారి లాంటి ఖాళీ చోట అది ఒక్కటే తిరిగితే అవుతుంది. అదే వస్తువు, చోటు మారితే పేరు మారుతుంది. దీన్నే చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ప్లూటో దగ్గరికి న్యూ హొరైజన్స్ నౌకను పంపిన బృందం పెద్ద అలన్ స్టెర్న్ ఆనాటి నుంచి ఈనాటి వరకు వాదిస్తూనే ఉన్నారు. వస్తువు ఎలా ఉందో చూడాలి గానీ ఎక్కడుందో చూడకూడదని ఆయన మాట.

పలక_బలపం
అదీ! స్టెర్న్ గారు నా పక్షం. ఇంకో మాట, ఆ రోజు ప్రేగ్‌లో ఓటేసింది 424 మంది. సంఘంలో ఉన్నది వేలల్లో.

పెన్నా_గట్టు
పలక అన్నా, ఓట్లు తక్కువని ఫలితం మారదు గదా. నాకు ఈ సైజు సంగతే ఇంకా మింగుడు పడడం లేదు. గనిమీడ్ పెద్దది అంటున్నారు, బరువు కూడా ఎక్కువేనా?

టెలిస్కోప్_పిచ్చి
కాదు. బరువులో గనిమీడ్ బుధుడిలో సగం కూడా ఉండదు. వడ్ల బస్తా, వరిగడ్డి మోపు పక్కపక్కన పెట్టుకోండి. మోపు చూడ్డానికి పెద్దది, ఎత్తితే బస్తాయే బరువు. బుధుడి లోపల ఎక్కువ భాగం ఇనుప ముద్ద. గనిమీడ్‌లో దాదాపు సగం మంచు. నీళ్లతో పోలిస్తే బుధుడు 5.4 రెట్లు చిక్కన, గనిమీడ్ 1.9 రెట్లే. శని అయితే నీళ్ల కంటే పలుచన, 0.69. అంత పెద్ద సముద్రం ఉంటే తేలుతుందని అందరూ చెప్పేది ఇందుకే.

సూర్యుడికి దగ్గరగా ఉన్న నాలుగూ రాతి ముద్దలు కావడం, దూరంగా ఉన్న నాలుగూ పెద్దవి కావడం ఊరికే జరగలేదు. 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ దుమ్ము, గాలి తిరుగుతున్నప్పుడు దగ్గర్లో వేడికి నీళ్లు ఆవిరిగానే ఉండిపోయాయి. గట్టిపడింది రాయి, లోహం మాత్రమే, అవేమో కొంచెమే ఉన్నాయి. దూరంగా చలికి నీళ్లు మంచు గడ్డలయ్యాయి. ముద్ద కట్టడానికి సరుకు బాగా దొరికింది. అలా పెద్దదైన ముద్ద చుట్టూ ఉన్న హైడ్రోజన్, హీలియం గాలిని కూడా లాగేసుకుంది. గురుడు 318 భూముల బరువుకు పెరిగింది ఇలాగే.

ఉదయగిరి_కుర్రోడు
బీటెక్ రెండో సంవత్సరం. టీచరమ్మ గారి మూడో షరతు మీద నాకు అభ్యంతరం ఉంది. గురుడి దారిలోనే ముందు ఒక గుంపు, వెనక ఒక గుంపు గ్రహశకలాలు తిరుగుతున్నాయి. ట్రోజన్లు అంటారు, వేలల్లో ఉన్నాయి. మరి గురుడు తన దారిని శుభ్రం చేసుకోలేదు గదా? నెప్ట్యూన్ దారిని ప్లూటో దాటుతుంది, మరి నెప్ట్యూన్‌కు పెత్తనం ఏది? రూలు ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా పెట్టారు.

పలక_బలపం
శభాష్ తమ్ముడూ.

టెలిస్కోప్_పిచ్చి
తమ్ముడూ, 'శుభ్రం చేయడం' అనే మాట వల్ల వచ్చిన చిక్కు ఇది. ఊడ్చి పారేయడం అని కాదు దాని అర్థం. ఆ ట్రోజన్లను ఆ రెండు చోట్ల కట్టి ఉంచింది గురుడి ఆకర్షణే. మంద ముందూ వెనకా నడిచినంత మాత్రాన కాపరి లేనట్టా? ప్లూటో కూడా అంతే. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోపు ప్లూటో సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. ఆ తాళం వేసింది నెప్ట్యూన్. అందుకే దారులు అడ్డంగా ఉన్నట్టు కనిపించినా రెండూ ఎప్పుడూ దగ్గరికి రావు.

అంకెల్లో చూడు. భూమి తన దారిలో ఉన్న మిగతా సరుకంతా కలిపినదాని కంటే దాదాపు 17 లక్షల రెట్లు బరువు. ప్లూటోను దాని దారిలోని మిగతా వాటితో తూస్తే పదో వంతుకు కూడా తూగదు. మిగతా ఏడు గ్రహాలు కూడా వేల రెట్లకు పైనే, ప్లూటో లాంటివి ఒక రెట్టుకు కూడా లోపే. ఆ రెంటికీ మధ్యలో ఎవరూ లేరు. గీత అక్కడ గీయడం న్యాయమే అని నా అభిప్రాయం.

ఉదయగిరి_కుర్రోడు
వేల రెట్లకూ ఒక రెట్టుకూ మధ్య ఎవరూ లేరంటే సరే అన్నా, ఒప్పుకుంటున్నా. కానీ ఆ మాట రూల్లోనే స్పష్టంగా రాసి ఉండాల్సింది.

టెలిస్కోప్_పిచ్చి
అది మాత్రం నిజం.

గుంట_కాపలా
మాది ముత్తుకూరు దిక్కు. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా నా పని. ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ తెల్లవార్లూ ఆకాశం కిందే ఉంటాను. పుస్తకం సంగతి నాకు తెలియదు గానీ, చూసి గుర్తుపట్టడం చెప్తాను. చుక్కలు మిణుకుమంటాయి, గ్రహాలు నిలకడగా వెలుగుతాయి. ఇంకోటి, చుక్కల మధ్య దూరాలు ఏళ్ల తరబడి చూసినా అంతే ఉంటాయి. గ్రహం మాత్రం కొన్ని వారాలు చూస్తే పక్క చుక్కను వదిలి జరిగి ఉంటుంది. నేను గురుణ్ణి అలాగే పట్టుకున్నాను. తర్వాత మా ఓనర్ దగ్గరున్న బైనాక్యులర్ అడిగి తీసుకుని చూస్తే గురుడి పక్కన ఒకే గీత మీద నాలుగు చిన్న చుక్కలు! ఆ రాత్రి నిద్ర వచ్చినా పోలేదు.

ఒంగోలు_టీచరమ్మ
కాపలా తమ్ముడూ, నువ్వు చూసింది 1610 జనవరిలో గెలీలియో చూసినవే. అయో, యూరోపా, గనిమీడ్, కాలిస్టో. భూమి చుట్టూ కాకుండా వేరే దాని చుట్టూ తిరిగేవి కూడా ఉన్నాయని లోకానికి అప్పుడే తెలిసింది. కావలి నాన్న గారూ, మీ పాప అడిగిన గనిమీడ్ బైనాక్యులర్‌తో కనిపిస్తుంది!

కావలి_నాన్న
నిజంగానా మేడం? పాప ఇది వింటే ఈ రాత్రికే ముత్తుకూరు పోదాం అంటుంది.

గుంట_కాపలా
రండి అన్నా. గేటు దగ్గర కుక్క ఉంది, ముందు ఫోన్ చేయండి.

పొదిలి_పంచాంగం
మా నాన్నగారు పంచాంగం చెప్పేవారు, నేనూ చెబుతాను. కావలి వారి అమ్మగారిని తప్పు పట్టకండి. కాపలా తమ్ముడు ఇప్పుడు చెప్పాడే, చుక్కల మధ్య కదిలేది గ్రహం అని, పాతకాలంలో గ్రహానికి అర్థం దాదాపు అదే. ఆ లెక్కన సూర్యుడు కదులుతాడు, చంద్రుడు కదులుతాడు, అందుకే ఇద్దరూ గ్రహాలే. భూమి మన కాళ్ల కింద ఉంది కాబట్టి ఆ జాబితాలో లేదు. రాహుకేతువులు వస్తువులు కావు. ఆకాశంలో సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే రెండు చోట్లు. ఆ చోట్లు కూడా మెల్లగా వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు వస్తాయి. అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. గ్రహణం నీడ వల్లనే అని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. గుడిలో తొమ్మిది, సైన్సు పుస్తకంలో ఎనిమిది. పేరు ఒకటే, లెక్క వేరు. పిల్లకు రెండూ చెప్పండి. పరీక్షలో మాత్రం ఎనిమిదే రాయమనండి.

పెన్నా_గట్టు
పంతులుగారూ, ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. నమస్కారం.

కావలి_నాన్న
మా అమ్మకు చదివి వినిపించాను. 'ఆ పంతులుకి తెలుసు' అంది. ఇంట్లో గొడవ తీరింది.

మైపాడు_వేకువ
మన తెలుగులోనే చూడండి, అన్నిటికీ చుక్కే. వేగుచుక్క అంటే శుక్రుడు, అది గ్రహం. తోకచుక్క మంచు, దుమ్ము కలిసిన గడ్డ. రాలే చుక్క అంటే ఇసుక రేణువంత దుమ్ము గాలిలో రాసుకుని వెలగడం. మామూలు చుక్క ఎక్కడో ఉన్న సూర్యుడు. నాలుగు వేర్వేరు వస్తువులు. మా నాయనమ్మ వేగుచుక్క చూసే లేచి కల్లాపి చల్లేది.

2024లో త్సూచిన్‌షాన్-అట్లస్ అనే తోకచుక్క వచ్చింది. సెప్టెంబరు చివర్లో మైపాడు ఒడ్డున తెల్లారకముందే నిలబడి చూశాను. సముద్రం మీద, మబ్బుకు పైన, సన్నగా తోక పైకి లేచి ఉంది. పడవ దించుతున్న వాళ్లు కూడా ఆగి చూశారు. తోక వెనక్కి వేలాడుతుందని అనుకుంటాం గానీ, అది ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుంది. సూర్యుడి వేడికి లేచిన దుమ్మును, ఆవిరిని ఆ సూర్యుడి వెలుగు, గాలే అటు నెట్టేస్తాయి. సూర్యుడి నుంచి దూరంగా పోయేటప్పుడు తోకే ముందు నడుస్తుంది.

గూడూరు_నిమ్మతోట
మరి వేగుచుక్క మీద ఎండ ఎంతుంటుంది? మా దగ్గర రోహిణి కార్తెలో చెట్టు కింద కూడా నిలబడలేం.

మైపాడు_వేకువ
సుమారు 465 డిగ్రీలు. సీసం కరిగిపోతుంది. బుధుడు సూర్యుడికి ఇంకా దగ్గర, అయినా పగలు 430 దాకా పోయి రాత్రికి సున్నాకు కింద 180కి పడిపోతుంది. బుధుడికి చెప్పుకోదగ్గ గాలి లేదు, వేడి నిలవదు. శుక్రుడి మీద గాలిలో నూటికి 96 వంతులు కార్బన్ డయాక్సైడ్, అదే దుప్పటి. ఆ గాలి బరువు కూడా మన దగ్గర కంటే 90 రెట్లు పైనే. ఇంకో వింత, శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225. అదీ మనకు ఎదురు దిక్కున తిరుగుతాడు. సూర్యుడు పడమట పొడుస్తాడు అక్కడ.

గూడూరు_నిమ్మతోట
అమ్మో, రోహిణి కార్తెనే నయం.

ఉప్పుమడి
అల్లూరు దిక్కు మాది, ఉప్పు పండిస్తాం. గ్రహశకలాల మీద ఎవరూ రాయడం లేదే? నేను ఎప్పుడో పేపర్లో సెరెస్ మీద తెల్లటి మచ్చల ఫొటో చూశాను. అచ్చం మా మడులు ఎండినప్పుడు పైనుంచి కనపడినట్టే ఉంది. అదేందో తెలుసుకోవాలని ఉంది.

ఒంగోలు_టీచరమ్మ
ఉప్పుమడి అన్నా, మీ కన్ను సరిగ్గానే పట్టింది. అది ఉప్పే! సెరెస్ అంగారకుడికి, గురుడికి మధ్య ఉన్న శకలాల పట్టీలో అన్నిటికంటే పెద్దది, అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు. 2015లో డాన్ అనే నౌక అక్కడికి చేరి దాని చుట్టూ తిరిగింది. ఆ తెల్ల మచ్చలు ఒక పెద్ద గుంటలో ఉన్నాయి, దానికి ఆక్కేటర్ అని పేరు. లోపలి నుంచి ఉప్పునీరు పైకి ఊరి, నీరు పోయి ఉప్పు మిగిలింది. మీ మడిలో ఎండకు జరిగేదే అక్కడ గాలి లేకపోవడం వల్ల జరిగింది. కాకపోతే అది ఎక్కువగా కూర ఉప్పు కాదు, సోడియం కార్బొనేట్. మనం బట్టలకు వాడే వాషింగ్ సోడా.

ఉప్పుమడి
మేడం, ఒళ్లు జలదరించింది. మా నాన్న నలభై ఏళ్లు ఉప్పు లాగాడు. సాయంత్రం ఇంటికి పోయి చెప్తాను, ఆకాశంలో కూడా ఉప్పుమడి ఉందని.

టెలిస్కోప్_పిచ్చి
పలక అన్నకు ఒక మాట. ప్లూటోకు జరిగింది సెరెస్‌కు ముందే జరిగింది. 1801 జనవరి 1న పియాజీ దాన్ని కనుక్కున్నప్పుడు గ్రహం అనే రాశారు. తర్వాత అదే చోట పాలస్, జూనో, వెస్టా, ఒకటి తర్వాత ఒకటి దొరుకుతూ పోయేసరికి అన్నిటినీ కలిపి శకలాలు అన్నారు. ప్లూటో విషయంలో కూడా 1992 నుంచి దాని దారిపక్క చిన్నవి దొరకడం మొదలై, 2005లో ఎరిస్ బయటపడింది. అది సైజులో ప్లూటో కంటే కొద్దిగా చిన్నది, బరువులో పావు వంతు పైగా ఎక్కువ. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా గ్రహమే, ఇంకా వచ్చేవన్నీ గ్రహాలే. పిల్లలు ఎన్ని బట్టీ పట్టాలి? 2006లో సెరెస్ ఒక మెట్టు పైకెక్కింది, ప్లూటో ఒక మెట్టు దిగింది. ఇద్దరూ ఇప్పుడు మరుగుజ్జు గ్రహాలు, అంటే టీచరమ్మ గారు చెప్పిన మొదటి రెండు షరతులు దాటి మూడోది దాటలేనివి. ఎరిస్, హౌమియా, మకెమకె కూడా అదే వరస.

పలక_బలపం
బట్టీ పట్టడం కష్టమని తీసేస్తారా అన్నా? శనికి ఉపగ్రహాలు 274 అని 2025లో లెక్క తేల్చారు. వాటిని తగ్గించలేదే. న్యూ హొరైజన్స్ 2015 జూలై 14న ప్లూటో పక్కనుంచి పోతూ ఫొటోలు పంపింది. నైట్రోజన్ మంచు మైదానం, గుండె ఆకారంలో. నీటి మంచుతో కొండలు. పలుచని నీలం పొగ లాంటి గాలి. బుధుడి మీద గాలి కూడా లేదు, ప్లూటో మీద ఉంది. దాని మీద ఇంత జరుగుతుంటే మరుగుజ్జు అని పిలవడం నాకు బాధగానే ఉంటుంది. పరీక్షలో ఎనిమిది రాయమనే చెప్తాను మా పిల్లలకు, అది వేరే సంగతి.

టెలిస్కోప్_పిచ్చి
ప్లూటో గొప్పది కాదని నేను అనలేదు అన్నా. ఆ ఫొటోలు వచ్చిన రోజు నేనూ ఆఫీసుకు ఆలస్యంగా పోయాను.

శ్రీహరికోట_చూపు
జూలై 14 అంటే గుర్తొచ్చింది. చంద్రయాన్-3 పైకి లేచింది కూడా జూలై 14నే, 2023లో. మా మేడ మీద నుంచి పొగ గీత చూశాం. 2013 నవంబరు 5న మంగళయాన్ పోయినప్పుడు కూడా చూశాను. జిల్లాల విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, రాకెట్ లేచినప్పుడు మాకు ఎప్పటికీ అది నెల్లూరుదే.

కొత్తపట్నం_వల
సముద్రం మీద ఉన్నప్పుడు మాకూ కనపడుతుంది, తెల్లవారుజామున అయితే ఇంకా బాగుంటుంది. ఒకసారి రాలే చుక్క అనుకుని చూస్తే నిమిషం దాకా పోతూనే ఉంది. అది రాకెట్.

చీమకుర్తి_రాయి
క్వారీలో సూపర్‌వైజర్ని. మా గెలాక్సీ గ్రానైట్ అందరికీ తెలుసు, నల్ల రాయిలో బంగారు చుక్కలు. ఆ పేరు వల్ల కొంతమంది అది ఆకాశం నుంచి పడ్డ రాయి అనుకుంటారు. పోయిన ఏడాది ఒకాయన వచ్చి బరువైన నల్లరాయి చూపించి ఉల్క అని చెప్పి లక్ష అడిగాడు. నేను కొనలేదు. అసలు ఉల్కను ఎలా గుర్తుపట్టాలి?

ఒంగోలు_టీచరమ్మ
కొనకపోవడం మంచిదైంది. గాలిలో కాలుతూ వచ్చిన రాయికి పైన పలచగా నల్లటి మాడు పొర ఉంటుంది, లోపల రంగు వేరే ఉంటుంది. చాలావాటిలో ఇనుము, నికెల్ కలిసి ఉంటాయి కాబట్టి అయస్కాంతం లాగుతుంది. అయినా అయస్కాంతం అంటుకున్న రాయల్లా ఉల్క కాదు, మన భూమి రాళ్లలోనూ ఇనుము ఉంది. ల్యాబ్‌లో చూస్తే గానీ తేలదు.

మీ గెలాక్సీ రాయి గురించి ఒకటి చెప్పాలి. అది భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితే తయారైనది. ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, ఆర్థోపైరాక్సీన్ జాతి. సుమారు 525 కిలోమీటర్ల వెస్టా అనే గ్రహశకలం ఉంది. అక్కడి నుంచి ఊడి భూమి మీద పడ్డ డయోజెనైట్ అనే ఉల్కల్లో ఎక్కువ భాగం ఈ జాతి ఖనిజమే. అంత చిన్న వెస్టా కూడా ఒకప్పుడు కరిగి, లోపల ఇనుము కిందికి, రాయి పైకి తేరుకుంది. ఒక చిన్న గ్రహం మొదలై ఆగిపోయినట్టు. మీ రాయి భూమిదే, కానీ దాని చుట్టం అక్కడ ఉంది.

చీమకుర్తి_రాయి
మేడం ఈ పోస్టు ప్రింట్ తీసి ఆఫీసులో అంటిస్తున్నా.

ఉదయగిరి_కుర్రోడు
1988లో కావలూరులో కనుక్కున్న గ్రహశకలానికి రామానుజన్ పేరు పెట్టారని చదివాను. కావలి వాళ్లు గర్వపడాలి.

టెలిస్కోప్_పిచ్చి
అది కావలి కాదు తమ్ముడూ, తమిళనాడులో కావలూరు. అక్కడ పెద్ద అబ్జర్వేటరీ ఉంది. 1977లో యురేనస్ ఒక చుక్కకు అడ్డం వచ్చి దాని వలయాలు బయటపడినప్పుడు అక్కడి నుంచి కూడా చూశారు.

కావలి_నాన్న
పేరు దగ్గరగా ఉంది, అది చాలు మాకు.

లారీ_లెక్కలు
హైవే మీద లారీ నడుపుతాను. మీరు చెప్పే దూరాలు కోట్లలో ఉంటే తలకు ఎక్కడం లేదు, అందుకని నెల్లూరు నుంచి ఒంగోలు దాకా వేసుకున్నాను. సుమారు 120 కిలోమీటర్లు. మా అబ్బాయి లెక్క సరిచూశాడు.

నెల్లూరు అయ్యప్పగుడి దగ్గర సూర్యుణ్ణి పెట్టండి. 37 మీటర్ల ఎత్తు, అంటే పన్నెండు అంతస్తుల బిల్డింగ్ అంత బంతి. ఒకటిన్నర కిలోమీటరు పోతే బుధుడు, 13 సెంటీమీటర్లు. మూడు కిలోమీటర్ల లోపు శుక్రుడు. నాలుగో కిలోమీటరు దగ్గర భూమి, గుమ్మడికాయంత, 34 సెంటీమీటర్లు. దాని పక్కన పది మీటర్ల దూరంలో చందమామ. ఆరు దగ్గర అంగారకుడు. అక్కడి నుంచి ఖాళీ రోడ్డు. మధ్యలో ఎక్కడో సెరెస్, ఉసిరికాయంత. కొడవలూరు దాటాక గురుడు, మూడున్నర మీటర్లకు పైనే, నా లారీ ఎత్తు. కావలి రాకముందే 38 కిలోమీటర్ల దగ్గర శని. ఉలవపాడు రాబోతుండగా యురేనస్. ఒంగోలులో నెప్ట్యూన్. ప్లూటోకు ఇంకా పోవాలి, మేదరమెట్ల దాటాక, సైజు ఒక బత్తాయి. దాని దారి సాగిన గుండ్రం కాబట్టి ఒక్కోసారి ఒంగోలుకు ఇవతలికి కూడా వస్తుంది.

ఈ 160 కిలోమీటర్ల రోడ్డు మీద ఉన్నవి ఇవే. నడిరాత్రి లోడు వేసుకుని పోతుంటే ఈ లెక్క గుర్తొచ్చి, ఎంత ఖాళీరా ఇది అనిపిస్తుంది.

పెన్నా_గట్టు
అన్నా, మరి ఇదే కొలతలో మిగతా చుక్కలు ఎక్కడ? హైదరాబాదా, ఢిల్లీయా?

లారీ_లెక్కలు
దగ్గరి చుక్క పది లక్షల కిలోమీటర్లు దాటి ఉంది. నిజం చందమామ మనకు 3,84,400. దానికి రెండున్నర రెట్లు పైనే. రోడ్డు లేదు అక్కడికి.

ఒంగోలు_టీచరమ్మ
లారీ అన్నా, ఈ లెక్క రేపు నా తొమ్మిదో తరగతిలో చెప్తాను. గుమ్మడికాయ, ఉసిరికాయ, బత్తాయి తీసుకుపోతాను. మీ అబ్బాయికి నా ఆశీస్సులు.

పలక_బలపం
బత్తాయి పెద్దది చూసి కొనండి మేడం.

కావలి_నాన్న
నిన్న శనివారం పాపను తీసుకుని ముత్తుకూరు పోయి వచ్చాను. మార్కు సంగతి ముందు చెప్తాను. శుక్రవారమే పాప పుస్తకం చూపించింది, వాళ్లు దిద్ది మార్కు వేశారు. క్లాసులో అందరికీ వేశారట.

రాత్రి ఎనిమిదికి గుంట దగ్గరికి చేరాం. కాపలా తమ్ముడు గుడిసె గుంజకు బైనాక్యులర్ ఆనించి, చేయి కదలకుండా పట్టుకోవడం నేర్పించాడు. పాప ఐదు నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ తీసి ఒక గుండ్రం గీసి, ఎడమ పక్క ఒక చుక్క, కుడి పక్క రెండు చుక్కలు పెట్టింది. నేను కూడా చూశాను. యాభై ఏళ్లకు దగ్గర పడ్డాను, ఆకాశంలో ఒకటి ఇంకోదాని చుట్టూ తిరగడం కళ్లతో చూడొచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు. కాపలా తమ్ముడు టీ కూడా పోశాడు.

ఇంటికి వస్తూ బండి మీద వెనక నుంచి అడుగుతోంది. 'నాన్నా, నాలుగు అన్నారు గదా, మూడే కనపడ్డాయి. నాలుగోది ఎక్కడికి పోయింది? అది గనిమీడేనా?'

టెలిస్కోప్_పిచ్చి
గురుడి ముందో వెనకో దాక్కుని ఉంటుంది. గనిమీడ్ ఒక చుట్టు తిరగడానికి ఏడు రోజులు పైగా పడుతుంది, గురుడికి దూరంగా కూడా పోతుంది, అది దాక్కోవడం తక్కువ. అయో అయితే రెండు రోజుల లోపే ఒక చుట్టు తిరిగొస్తుంది, ఎప్పుడూ గురుణ్ణి అంటిపెట్టుకునే ఉంటుంది. నా అనుమానం అయో మీదే. పాపను వరసగా వారం రోజులు అదే టైముకు గీయమనండి, ఏది ఏదో తనే తేలుస్తుంది.

గుంట_కాపలా
రోజూ అంత దూరం రాలేరు గదా అన్నా. ఎనిమిదికి నేను చూసి కాగితం మీద గీసి ఫొటో పంపిస్తాను, పాపను లెక్క కట్టమనండి. ఇప్పుడే చూశాను. ఈ రాత్రి నాలుగూ ఉన్నాయి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క మూడు.